మంచు కరిగాక నాయకులు ఏం చేశారు?

టెక్సాస్‌లో 2021 ఫిబ్రవరి మంచు తుఫాను ప్రస్తావన వస్తే ఇక్కడి మన తెలుగువాళ్లలో ఎక్కువమందికి ముందుగా గుర్తుకొచ్చేది సెనేటర్ టెడ్ క్రూజ్ కాన్‌కూన్ ప్రయాణమే. లక్షలాది ఇళ్లు చలిలో, చీకటిలో ఉన్న ఫిబ్రవరి 17న ఆయన కుటుంబంతో మెక్సికోకు విమానం ఎక్కారు. ఫొటోలు బయటపడగానే మరునాడు తిరిగివచ్చి, అది పొరపాటని ఒప్పుకున్నారు. దానిమీద జనానికి ఆగ్రహం కలగడం న్యాయమే. అయితే ఆ ఒక్క ప్రయాణం మన కోపాన్నంతా తనవైపు లాగేసుకుంది. సెనేటర్ ఆ వారమంతా హ్యూస్టన్‌లోనే ఉన్నా అదనంగా ఒక్క ఇంటికి కూడా కరెంటు వచ్చేది కాదు. ఆ కరెంటు పోవడానికి దారితీసిన నిర్ణయాలు అంతకు పదేళ్ల ముందే జరిగిపోయాయి, వాటికి బాధ్యులెవరో మనలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. తుఫాను రోజున నాయకుడు ఎక్కడున్నాడని అడగడం తప్పు కాదు గానీ, అంతకు ముందటి తుఫాను తర్వాత వచ్చిన నివేదికను అతను ఏం చేశాడని అడగడం అంతకంటే ముఖ్యమని నేను నమ్ముతున్నాను.

ఆ వారం జరిగింది ఒకసారి గుర్తుచేసుకుందాం. ఫిబ్రవరి 15న అర్ధరాత్రి దాటిన తర్వాత విద్యుత్ కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి ఆగిపోతూ వచ్చాయి. 60 హెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉండవలసిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.4 కంటే కిందికి జారి, నాలుగు నిమిషాలకు పైగా అక్కడే ఉండిపోయింది. తొమ్మిది నిమిషాలు అలాగే కొనసాగితే మిగిలిన జనరేటర్లు కూడా వాటంతట అవే విడిపోయేవి. గ్రిడ్ మొత్తం కుప్పకూలడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరం వరకు వెళ్లామని, దాన్ని నిర్వహించే ఎర్కాట్ సంస్థ తర్వాత ప్రకటించింది. ఆ ముప్పు తప్పించడానికి 20,000 మెగావాట్ల వరకు లోడు తీసేయవలసి వచ్చింది, 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. వంతులవారీ కోత అని చెప్పారే గాని, ఆసుపత్రుల వంటి అత్యవసర సేవలున్న లైన్లను ముట్టుకోకూడదు కనుక మిగిలిన లైన్లలో వంతులు తిప్పడానికి వీలే లేకపోయింది. ఫలితంగా ఒక వీధిలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, పక్క వీధి మూడు రోజులు చీకట్లో మగ్గింది. ఫిబ్రవరి 16న డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. పైపులు పగిలి, సీలింగు తడిసి, షీట్‌రాక్ ముద్దలై మంచాల మీద ఊడిపడిన ఇళ్లు మన కాలనీల్లోనూ ఉన్నాయి. టాయిలెట్లలో పోయడానికి పెరట్లోని మంచును బక్కెట్లకెత్తి కరిగించుకున్నవారు, పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులను కారులో కూర్చోబెట్టి హీటరు వేసినవారు మన మధ్యనే ఉన్నారు. గరాజ్ తలుపు మూసి కారు నడిపితే ప్రాణాలకే ముప్పు అని తెలియనివారు కూడా ఉన్నారు. రాష్ట్ర ఆరోగ్య శాఖ అధికారిక లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమందిని బలిగొన్నది చలే.

అలాంటి వేళ నాయకుడి నోటి నుంచి మొదట రావలసింది నిజం. గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ ఫిబ్రవరి 15న ట్విట్టర్‌లో సహజవాయువు, బొగ్గు కేంద్రాలు కూడా గడ్డకట్టి ఆగిపోయాయని రాశారు. మరునాడు ఫాక్స్ న్యూస్‌లో మాత్రం గాలిమరలు, సౌర విద్యుత్తు ఆగిపోవడం వల్లే ఈ పరిస్థితి వచ్చిందని దేశమంతా వినేలా చెప్పారు. మాజీ గవర్నర్ రిక్ పెర్రీ, కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకోకుండా ఉండడానికి టెక్సాస్ ప్రజలు మూడు రోజుల కంటే ఎక్కువైనా కరెంటు లేకుండా ఉంటారని అన్నారు. ఆ చీకట్లో ఉన్నవారిని ఆయన అడిగి చెప్పిన మాట కాదది. టెక్సాస్‌లోనే ఉన్న కొలరాడో సిటీ అనే ఊరి మేయర్ అయితే, బలవంతులే బతుకుతారని ఫేస్‌బుక్‌లో రాసి పదవి వదులుకున్నారు. కేంద్ర ఇంధన నియంత్రణ సంఘం ఫెర్క్, విద్యుత్ విశ్వసనీయత సంస్థ నెర్క్ కలిసి ఆ నవంబరులో ఇచ్చిన నివేదిక విషయాన్ని తేల్చేసింది. ఆగిపోయిన లేదా ఉత్పత్తి తగ్గిన 1,045 యూనిట్లలో 58 శాతం సహజవాయువుతో నడిచేవే. గాలిమరలూ గడ్డకట్టాయి, అందులో సందేహం లేదు. కానీ అసలు దెబ్బ గ్యాస్ దగ్గరే తగిలింది.

ఇక్కడ ఒక చిన్న కాగితం గురించి చెప్పాలి. గ్యాస్‌ను బావి నుంచి విద్యుత్ కేంద్రం దాకా నెట్టే కంప్రెసర్లలో చాలావాటికి కరెంటు కావాలి. కోతల సమయంలో వాటికి సరఫరా ఆపకుండా ఉండాలంటే, తమది కీలకమైన లోడు అని ఆ సంస్థ ముందుగా ఒక దరఖాస్తు నింపి విద్యుత్ కంపెనీకి ఇవ్వాలి. చాలా గ్యాస్ సంస్థలు దాన్ని నింపనేలేదు, కొన్నింటికి అలాంటి దరఖాస్తు ఒకటుందనే తెలియదు. దాంతో కోత పడినప్పుడు కంప్రెసర్లకూ కరెంటు ఆగింది, గ్యాస్ తగ్గింది, గ్యాస్ తగ్గేసరికి మరికొన్ని విద్యుత్ కేంద్రాలు ఆగాయి. ఆ దరఖాస్తులు నింపించవలసిన బాధ్యత తమదని ఏ అధికార పీఠమూ అనుకోలేదు. నన్ను అన్నింటికంటే ఎక్కువగా బాధించేది ఇదే. దీనికి వేల కోట్ల ఖర్చు అక్కర్లేదు, కొత్త సాంకేతికత అక్కర్లేదు, బాధ్యతగా అడిగేవారు ఒకరుంటే సరిపోయేది.

ఇదంతా ముందు తెలియనిదా అంటే, తెలిసినదే. 2011 ఫిబ్రవరి 2న ఇదే టెక్సాస్‌లో చలికి విద్యుత్ కేంద్రాలు ఆగిపోయి, 4,000 మెగావాట్ల కోత పెట్టారు, 32 లక్షల మంది వినియోగదారులపై దాని ప్రభావం పడింది. ఆ ఆగస్టులో ఫెర్క్, నెర్క్ వివరమైన నివేదిక ఇస్తూ పరికరాలకు చలి రక్షణ కల్పించాలని సూచించాయి, 1989 చలిలోనూ ఇవే లోపాలు బయటపడ్డాయని గుర్తుచేశాయి. కానీ సూచన సూచనగానే మిగిలిపోయింది. శాసనసభ ఆ ఏడాది చేసిన చట్టం సన్నద్ధతపై నివేదికలు కోరిందే తప్ప, సన్నద్ధం కావాలని ఆదేశించలేదు. అవసరానికి మించి కొంత విద్యుత్ ఉత్పత్తి సామర్థ్యం రిజర్వుగా తప్పనిసరిగా ఉండేలా చూడాలని అప్పటి శాసనసభ్యుడు సిల్వెస్టర్ టర్నర్ 2011లోనే ఒక బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. పదేళ్ల తర్వాత హ్యూస్టన్ మేయర్‌గా ఆ చీకటిని ఎదుర్కోవలసివచ్చింది ఆయనే.

టెక్సాస్ గ్రిడ్ ఒంటరితనం గురించి కూడా మనవాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. 1935 నాటి ఫెడరల్ పవర్ చట్టం పరిధిలోకి రాకుండా ఉండడానికి ఇక్కడి విద్యుత్ సంస్థలు రాష్ట్ర సరిహద్దు దాటకుండా ఉండిపోయాయి. మన దక్షిణ భారత గ్రిడ్ కూడా దేశంలోని మిగతా గ్రిడ్‌తో ఒకే ఫ్రీక్వెన్సీలో కలవకుండా చాలాకాలం విడిగానే ఉండేది. 2012, 2013 ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలు పవర్ హాలిడేలతో సతమతమవుతున్న రోజుల్లో, ఉత్తరాన మిగులు ఉన్నా తెచ్చుకునే దారి ఇరుకుగా ఉండేది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో ఆ అనుసంధానం జరిగింది. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ పొరుగు రాష్ట్రాలకూ చలి తగిలింది, వాళ్లూ కొంతసేపు కోతలు పెట్టారు, కాబట్టి లైన్లు కలిసి ఉన్నంత మాత్రాన గండం పూర్తిగా గట్టెక్కేది కాదు. పశ్చిమ గ్రిడ్‌లో ఉన్న ఎల్ పాసోలో పెద్దగా అంతరాయం కలగకపోవడానికి, 2011 దెబ్బ తిన్నాక అక్కడి సంస్థ చలి రక్షణకు డబ్బు ఖర్చుపెట్టడం కూడా ముఖ్య కారణమే.

తుఫాను వెలిసిన తర్వాత తలలు చకచకా రాలాయి. రాష్ట్రంలో విద్యుత్ రంగాన్ని నియంత్రించే పబ్లిక్ యుటిలిటీ కమిషన్ అధ్యక్షురాలు రాజీనామా చేశారు, ఎర్కాట్ ముఖ్య కార్యనిర్వహణాధికారిని తొలగించారు, బోర్డు సభ్యులు పలువురు వైదొలిగారు. జూన్ 8న గవర్నర్ రెండు బిల్లులపై సంతకం చేసి, గ్రిడ్‌ను బాగుచేయడానికి చేయవలసినదంతా చేశామని ప్రకటించారు. వాటిలో విద్యుత్ కేంద్రాలకు చలి రక్షణను తప్పనిసరి చేసి, ఉల్లంఘనకు పది లక్షల డాలర్ల వరకు జరిమానా పెట్టిన ఆ చట్టం మంచి చట్టమే. 2022 డిసెంబరులోనూ 2024 జనవరిలోనూ వచ్చిన చలికి ఎర్కాట్ గ్రిడ్ తట్టుకుంది, ఆ మేరకు మెచ్చుకోవలసిందే. కానీ గ్యాస్ సంగతి వచ్చేసరికి ఏం జరిగిందో చూడండి. ఆ పరిశ్రమను నియంత్రించేది టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్. కొత్త నిబంధనల కోసం అది రాసిన మొదటి ముసాయిదాలో, 150 డాలర్ల రుసుము కట్టి ఒక ఫారం ఇస్తే కీలక సంస్థల జాబితా నుంచి తప్పుకునే వీలు కల్పించింది. శాసనసభ్యులు బహిరంగంగా మండిపడ్డాకే, ఆ ఏడాది చివరికి ఆ సందును బిగించారు. ప్రజలు 2021 ఫిబ్రవరిలో చూసినదాన్ని కమిషన్ సెప్టెంబరుకే మరిచిపోయిందంటే, దాన్ని గమనిస్తూ ఉండవలసింది ఎవరు?

ఇది ఒక పార్టీ మీద ఫిర్యాదు అనుకోవద్దు. 2023 ఫిబ్రవరి మొదట్లో ఆస్టిన్‌లో గడ్డకట్టే వాన కురిసి, చలికాలంలోనూ ఆకు రాలని లైవ్ ఓక్ చెట్ల కొమ్మలు మంచు బరువుకు విరిగి తీగల మీద పడ్డాయి. డెమోక్రాట్ల చేతిలో ఉన్న ఆ నగరంలో, నగరానికి సొంతమైన విద్యుత్ సంస్థే నడిపే పంపిణీలో, లక్షా 70 వేలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. గ్రిడ్‌లో కరెంటు ఉంది, ఇంటికి చేరే తీగ తెగింది. శుక్రవారం సాయంత్రానికి సరఫరా పునరుద్ధరిస్తామని మాటిచ్చి, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నారు. కొందరికి వారం దాటినా కరెంటు రాలేదు. రెండు వారాలకే నగర మండలి సిటీ మేనేజరును తొలగించింది. తీగలకు ఎంత దూరంలో కొమ్మలు కొట్టాలన్నది అక్కడ ఏళ్ల తరబడి నలిగిన వివాదం. పెరట్లో చెట్టు ముట్టుకోవద్దన్న ఓటర్లను ఒప్పించడం ఏ నాయకుడికీ ఇష్టమైన పని కాదు, కానీ అలాంటి పని చేయడానికే వాళ్లను ఎన్నుకుంటాం.

మన సంఘాల ఉగాది, దసరా వేడుకలకు కౌంటీ అధికారుల నుంచి కాంగ్రెస్ సభ్యుల దాకా వస్తున్నారు. శాలువా కప్పుతాం, జ్ఞాపిక ఇస్తాం, ఫొటో దిగుతాం. మన గౌరవం మనం చూపడం సబబే. దాంతోపాటు రెండు మూడు ప్రశ్నలు కూడా అడుగుదాం. రైల్‌రోడ్ కమిషన్‌లోని ముగ్గురు సభ్యులనూ రాష్ట్ర ఓటర్లే ఎన్నుకుంటారు, ఆరేళ్ల పదవీకాలం, రెండేళ్లకొకసారి ఒక స్థానం బ్యాలెట్ మీదికి వస్తుంది. ఆ అభ్యర్థి పేరు చదవకుండానే మనలో చాలామంది కిందికి దాటిపోతున్నాం. గ్యాస్ బావుల చలి రక్షణ తనిఖీ నివేదికలను ప్రజలకు అందుబాటులో ఉంచుతారా, మీ కౌంటీలో వార్మింగ్ సెంటర్లకు జనరేటర్లు ఉన్నాయా, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడే వృద్ధుల జాబితా ఎవరి దగ్గర ఉంది, కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరికలు తెలుగులో కూడా పంపగలరా అని అడగాలి. ఈ ఏడాది మన వేడుకలకు ఆహ్వానం అందుకునే ప్రతి అభ్యర్థికీ ఈ ప్రశ్నలను ముందుగా లిఖితపూర్వకంగా పంపి, వచ్చిన జవాబులను, జవాబు ఇవ్వనివారి పేర్లను ఎన్నికలకు ముందు వచ్చే సంచికలో ప్రచురించాలని సంఘ కార్యవర్గాన్ని కోరుతున్నాను.