260/280 రెండు వచ్చినంత మాత్రాన ఆర్‌ఎన్‌ఏ బాగున్నట్టు కాదు

ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో సయానోబాక్టీరియాల్లోంచి ఆర్‌ఎన్‌ఏ తీసే ఒక పేజీ ప్రొటోకాల్ చాలాకాలంగా చేతులు మారుతోంది. ఎవరు రాశారో తెలియదు, స్క్రీన్‌షాట్‌కి స్క్రీన్‌షాట్ తీసి తీసి అక్షరాలు కూడా మసకబారాయి. అందులో చెప్పేది ఇది: సయానోబాక్టీరియా కూడా బాక్టీరియానే, ఈ.కోలైకి చేసినట్టే ట్రైజాల్ (ఫినాల్, గ్వానిడిన్ కలిసిన, కణాల్ని పగలగొట్టే ద్రవం) పోసి చేసేయండి. కల్చర్‌ని (పెంచిన కణాల ద్రవాన్ని) సెంట్రిఫ్యూజ్‌లో 4 డిగ్రీల దగ్గర పది నిమిషాలు తిప్పి, రెండుసార్లు కడిగి, ఐస్‌లో పెట్టుకుని తీరిగ్గా మొదలుపెట్టండి. నానోడ్రాప్‌లో (శాంపిల్ వెలుతురుని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యంత్రం) 260/280, అంటే 260, 280 నానోమీటర్ల దగ్గరి కొలతల నిష్పత్తి, రెండు వస్తే ఆర్‌ఎన్‌ఏ బ్రహ్మాండం. జెల్‌లో (ఆర్‌ఎన్‌ఏని పొడవును బట్టి విడదీసి గీతలుగా చూపేది) రెండు కంటే ఎక్కువ బ్యాండ్లు కనిపిస్తే పాడైపోయినట్టు, పారేయండి. సిలికా పొరతో ఆర్‌ఎన్‌ఏని పట్టే కాలమ్ కిట్ వాడితే డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏని కోసేసే ఎంజైమ్) ఖర్చు దండగ.

దీన్ని నమ్మి నేను ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాను. నా పక్క బెంచీ అమ్మాయి ఇంకా ఎక్కువే పోగొట్టుకుంది, తన చేతిలోనే ఏదో లోపం ఉందనుకుని రాత్రిళ్లు ల్యాబ్‌లో కూర్చుని ఏడ్చింది కూడా. లోపం తన చేతిలో లేదు, ఆ కాగితంలో ఉంది. ఇప్పటికీ ప్రతి ఏడూ కొత్తగా చేరినవాళ్లకి అదే కాగితం అందుతోంది కాబట్టి ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

"ఇవీ బాక్టీరియానే, ట్రైజాల్ పోస్తే పగిలిపోతాయి. ద్రావణం పచ్చగా మారితే పగిలినట్టే."

బాక్టీరియానే, కాదనను. స్కూల్లో నీలి ఆకుపచ్చ శైవలాలు అని చదువుకున్నవి ఇవే. గ్రామ్ నెగటివ్ లెక్కలోకే వస్తాయి కానీ, వీటి పెప్టిడోగ్లైకాన్ గోడ ఈ.కోలైదాని కంటే బాగా మందం, పైగా చాలా జాతుల్లో దాని మీద చక్కెరలతో అల్లిన జిగురు తొడుగు ఇంకొకటి ఉంటుంది. వరి మడిలో దొరికే నాస్టాక్ ముద్దని వేళ్ల మధ్య నలిపి చూడండి, బెండకాయ కోసిన చెయ్యిలా జారుతుంది. ట్రైజాల్‌కి మూలమైన పద్ధతిని 1987లో చోమ్‌చిన్‌స్కీ, సాకీ జంతు కణజాలం మీద పనిచేస్తూ ప్రకటించారు. జంతు కణానికి అసలు గోడే ఉండదు.

ఇక పచ్చరంగు సంగతి. ఇది బాగా మోసం చేసే గుర్తు. క్లోరోఫిల్ కొలవడానికి కణాల్ని మెథనాల్‌లో నానబెడతామే, అప్పుడు గోడ పగలకుండానే రంగంతా బయటికొస్తుంది కదా, ఫినాల్‌లోనూ అలాగే రావచ్చు. ద్రావణం చిక్కటి ఆకుపచ్చగా ఉన్న ట్యూబులోంచి ఒక చుక్క తీసి స్లైడ్ మీద చూస్తే, అనబీనా గొలుసులు పూసలు పూసలుగా చెక్కు చెదరకుండా కనిపించాయి నాకు. రంగు పోయింది, పూసలు మాత్రం అలాగే ఉన్నాయి, ఆర్‌ఎన్‌ఏ వాటిలోపలే ఉండిపోయింది.

పగలాలంటే బలమో వేడో కావాలి. 0.1 మి.మీ. పూసలతో బీడ్ బీటింగ్ చేయొచ్చు, మధ్యమధ్యలో ఐస్‌లో పెడుతూ. లేదంటే 65 డిగ్రీల వేడి ఫినాల్. 2009లో సయానోబాక్టీరియా కోసమే పీజీటీఎక్స్ అని ఒక పద్ధతి వచ్చింది, ఫినాల్, గ్వానిడిన్, గ్లిసరాల్, ట్రైటాన్ ఎక్స్-100 లాంటివన్నీ కలిపి 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉంచడమే అందులో అసలు మెలకువ. మనమే కలుపుకోవచ్చు, ఖరీదైన కిట్ అక్కర్లేదు. కానీ 95 డిగ్రీల ఫినాల్ అంటే ఆటలు కాదు, మరమూత ట్యూబులు వాడండి, ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవండి, కళ్లజోడు తీయొద్దు. జిగురు ఎక్కువున్న జాతి అయితే ఐసోప్రొపనాల్ వేశాక అడుగున గంజి ముద్దలాంటిది దిగుతుంది, నీళ్లలో ఎంతకీ కరగదు, అది చక్కెరలు. ఐసోప్రొపనాల్ సగానికి తగ్గించి, మిగతా సగం సోడియం సిట్రేట్, ఉప్పు కలిపిన గాఢ ద్రావణం (0.8, 1.2 మోలార్) వేస్తే చక్కెరలు చాలావరకు పైనే ఉండిపోతాయి.

"పది నిమిషాలు తిప్పండి, కడగండి, తొందరేం లేదు."

మొత్తం కాగితంలో ఎక్కువ నష్టం చేసేది ఈ వాక్యమే. మిగతా తప్పులు జెల్ మీదో పీసీఆర్‌లోనో ఎక్కడో ఒకచోట బయటపడతాయి, ఇది మాత్రం బయటపడదు. ఆర్‌ఎన్‌ఏ చక్కగా వస్తుంది, బ్యాండ్లు మెరుస్తాయి, కానీ అది మీ ఫ్లాస్క్‌లో ఉన్న కణాల కథ చెప్పదు, సెంట్రిఫ్యూజ్‌లో చీకట్లో చలికి వణికిన కణాల కథ చెబుతుంది.

లెక్క చూడండి. ప్రోక్లోరోకాకస్ అనే సముద్రపు సయానోబాక్టీరియంలో ఎం-ఆర్‌ఎన్‌ఏల (జీన్ల సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏలు) మధ్యస్థ అర్ధాయువు సుమారు 2.4 నిమిషాలని 2010లో కొలిచారు. అంటే కొత్తగా తయారవడం ఆగిపోతే, పది నిమిషాల్లో నాలుగుసార్లు సగమై పదహారో వంతే మిగులుతుంది. జాతిని బట్టి అంకె మారుతుంది కానీ బాక్టీరియాల్లో ఇదంతా నిమిషాల వ్యవహారమే. అన్నీ ఒకే వేగంతో తగ్గితే ఏదో సర్దుకోవచ్చు, అలా కూడా జరగదు. సినెకోసిస్టిస్ అనే ఇంకో సయానోబాక్టీరియంలో ఫొటోసింథసిస్‌కి కీలకమైన పీఎస్‌బీఏ ఎం-ఆర్‌ఎన్‌ఏ వెలుతురులో త్వరగా కరిగిపోతుంది, చీకట్లో గంటల తరబడి నిలుస్తుంది. వెలుతురు మీద బతికే ప్రాణిని మూత వేసిన రోటర్‌లో పెట్టడమంటే మీ ప్రయోగానికి మీరే ఇంకో ట్రీట్‌మెంట్ కలిపినట్టు.

చలి కూడా అంతే. 30 డిగ్రీల దగ్గర పెరుగుతున్న సినెకోసిస్టిస్‌ని చల్లబరిస్తే, పొరల్లోని కొవ్వు ఆమ్లాల్ని మార్చే డెస్ జీన్లు, సీఆర్‌హెచ్‌ఆర్ అనే హెలికేజ్ (ఆర్‌ఎన్‌ఏ ముడులు విప్పే ఎంజైమ్) జీన్ ఎక్కువ చురుగ్గా మారతాయి. ఐస్ తప్పని అనడం లేదు, కల్చర్ నెమ్మదిగా చల్లబడుతూ కణాలు బతికే ఉండటం తప్పు.

నేను ఇప్పుడు చేసేది ఇలా. ఫ్లాస్క్‌ని లైటు కింద నుంచి కదపను. 5 శాతం ఫినాల్ కలిపిన ఇథనాల్‌ని ముందురోజే చల్లబరిచి ట్యూబుల్లో పోసి ఉంచుతాను, కల్చర్‌ని నేరుగా అందులోకి వంచేస్తాను, కణం ఆ క్షణాన ఎలా ఉందో అలాగే ఆగిపోతుంది, ఆ తర్వాత ఎంతసేపు తిప్పినా టెన్షన్ లేదు. వ్యాక్యూమ్ ఫిల్టర్ ఉంటే ఇంకా మేలు, 0.8 మైక్రాన్ ఫిల్టర్ మీద కల్చర్ లాగేసి, ఆ పచ్చటి బిళ్లని ఫోర్సెప్స్‌తో ఎత్తి పీజీటీఎక్స్‌లో ముంచి లిక్విడ్ నైట్రోజన్‌లో వేసేయడమే, చెయ్యి అలవాటైతే నిమిషం లోపు పని. కడగడం అనవసరం, బీజీ-11 మీడియంలోని లవణాల వల్ల ఆర్‌ఎన్‌ఏకి వచ్చే ముప్పేమీ లేదు. ఏ టైముకి తీశారో కూడా రాసుకోండి, సినెకోకాకస్‌కి రోజువారీ గడియారం ఉంది, ఉదయం శాంపిల్‌ని సాయంత్రం శాంపిల్‌తో పోలిస్తే ఆ తేడా కూడా మీ ఫలితంలో కలిసిపోతుంది.

అన్నట్టు, ఓడీని (కల్చర్ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) 600 నానోమీటర్ల దగ్గర కొలవమని కూడా అందులో ఉంది. ఫైకోసయనిన్ అనే వీటి నీలి రంగు పదార్థం 620 దగ్గర వెలుతురు పీల్చుకుంటుంది, రంగు మారితే కణాల లెక్క మారినట్టు కనిపిస్తుంది. 730 దగ్గర కొలవండి.

"260/280 రెండు వస్తే క్వాలిటీ బ్రహ్మాండం."

ముక్కలు ముక్కలైన ఆర్‌ఎన్‌ఏ కూడా 260 దగ్గర అంతే పీల్చుకుంటుంది. ఆ అంకె ప్రొటీన్ కలిసిందేమో చెబుతుంది, పొడవు గురించి ఒక్క మాట చెప్పదు. పక్క బెంచీ అమ్మాయి ట్యూబు ఒకటి 2.04 చూపించింది, జెల్ మీద వేస్తే మొత్తం అడుగున మసకగా ఒక మచ్చ, అంతే. 260/230 కూడా చూడండి, గ్వానిడిన్ మిగిలితే అక్కడ పడిపోతుంది, చక్కెరలు మిగిలినా పడిపోతుంది. రెండూ చూశాక కూడా జెల్ మానొద్దు.

"రెండు కంటే ఎక్కువ బ్యాండ్లు కనిపిస్తే పారేయండి."

దయచేసి పారేయకండి. మామూలుగా కనిపించే ఆ రెండు బ్యాండ్లు రైబోజోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏలు, పెద్దది 23ఎస్, చిన్నది 16ఎస్. సయానోబాక్టీరియాల్లో చాలావాటికి 23ఎస్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ కణంలోనే, తయారైన తర్వాత, సహజంగా తెగుతుంది. ఇది కొత్త సంగతి కాదు, అప్పట్లో అనాసిస్టిస్ నిడులాన్స్ అని పిలిచిన సినెకోకాకస్‌లో 23ఎస్ ఒక పెద్ద ముక్కగా, ఒక చిన్న ముక్కగా విడిపోతుందని ఫోర్డ్ డూలిటిల్ 1973లోనే చూపించాడు. రైబోజోమ్ ఆ ముక్కలతోనే పనిచేస్తుంది. కాబట్టి 23ఎస్ పలచబడి, కింద అదనపు గీతలు రావడం మంచి ఆర్‌ఎన్‌ఏలో కూడా మామూలే. ఆర్‌ఎన్‌ఏ నాణ్యత కొలిచే బయోఎనలైజర్ యంత్రం సాఫ్ట్‌వేర్ 16ఎస్, 23ఎస్ అని రెండు శిఖరాల కోసం చూస్తుంది, మూడు నాలుగు కనిపిస్తే ఆర్‌ఐఎన్ అనే నాణ్యత మార్కులు తగ్గించేస్తుంది.

నిజంగా పాడైందో లేదో ఇలా చూడండి: గీతలు పదునుగా ఉన్నాయా, వేర్వేరు రోజుల్లో తీసిన శాంపిళ్లలో అవే చోట్ల వస్తున్నాయా, 16ఎస్ గట్టిగా నిలబడిందా. ఇవన్నీ ఉంటే ఆర్‌ఎన్‌ఏ బాగానే ఉంది. గీతలు కరిగి కిందికి పొగలా సాగితే పోయినట్టు. పక్క బెంచీ అమ్మాయి చెత్తబుట్టలో వేసిన ట్యూబుల జెల్ ఫొటోలు తర్వాత ఇద్దరం కూర్చుని మళ్లీ చూశాం. తొమ్మిదింటిలో ఆరు బాగున్నవే.

"కాలమ్ వాడితే డీఎన్‌ఏజ్ దండగ."

సిలికా పొరకి డీఎన్‌ఏ కూడా అంటుకుంటుంది. అసలు చిక్కు వీటి క్రోమోజోమ్ కాపీలతో, సినెకోసిస్టిస్‌లో ఒక్కో కణానికి ఒక లెక్కలో 12 వచ్చాయి, చురుగ్గా పెరిగే దశలో కొలిచిన మరో లెక్కలో రెండు వందలు దాటాయి. జంతు కణాల్లోలా ఇంట్రాన్‌కి (జీన్‌లో ఉండి ఎం-ఆర్‌ఎన్‌ఏలో ఉండని మధ్య ముక్క) అటూఇటూ ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న ముక్కలు) పెట్టి తప్పించుకుందామంటే వీటి జీన్లలో ఆ వీలు లేదు. పైగా మామూలు కాలమ్‌లు 200 న్యూక్లియోటైడ్ల లోపు వాటిని చాలావరకు వదిలేస్తాయి, ఎక్కువ వెలుతురులో ఫొటోసింథసిస్ జీన్లని అదుపు చేసే పీఎస్ఆర్‌ఆర్1 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ పొడవు 131 మాత్రమే.

డీఎన్‌ఏజ్ రెండుసార్లు పెట్టండి, రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ కాపీ తీసే ఎంజైమ్) వేయని ట్యూబు ఒకటి ప్రతి శాంపిల్‌కీ నడపండి. పీసీఆర్‌లో ఒక్కో సైకిల్‌కి రెట్టింపవుతుంది కాబట్టి, అది వేసిన ట్యూబుకీ వేయని ట్యూబుకీ మధ్య కనీసం పది సైకిళ్ల తేడా ఉంటే డీఎన్‌ఏ వాటా వెయ్యో వంతు లోపే. ఆ కాగితం ప్రకారం చేసినప్పుడు నాకు ఒక శాంపిల్‌లో మూడు సైకిళ్లు, ఇంకోదాంట్లో ఒకటిన్నర వచ్చాయి, అంటే ఒకదాంట్లో ఎనిమిదో వంతు, మరోదాంట్లో మూడో వంతుకి పైగా సిగ్నల్ డీఎన్‌ఏదే. చీకట్లో పెరిగిందని ల్యాబ్ మీటింగ్‌లో నేను చూపించిన జీన్, డీఎన్‌ఏజ్ పెట్టి మళ్లీ చేస్తే కదలనే లేదు. తర్వాతి వారం ఆ స్లైడ్ మళ్లీ తెరిచి, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పి, వెనక్కి తీసుకున్నాను.