మద్రాసు మీదుగా వెళ్లి తిరిగిరాని వాళ్లు

చెన్నై సాలిగ్రామంలో ఆర్కాట్ రోడ్డు పక్కన పరమేశ్వరన్ విహార్ అని సైనిక కుటుంబాల గృహసముదాయం ఒకటి ఉంది. ఒకప్పుడు తెలుగు సినిమా పనివాళ్లతో కిటకిటలాడిన పేటే అది. ఆ దారిన రోజూ వెళ్లేవాళ్లలో కూడా ఆ పరమేశ్వరన్ ఎవరో చెప్పగలిగేవాళ్లు తక్కువ.

మేజర్ రామస్వామి పరమేశ్వరన్ ఈ నగరంలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్‌లోనే శిక్షణ పొంది 1972లో సైన్యంలో అధికారి అయ్యారు. 1987 నవంబరు 25 రాత్రి, శ్రీలంకలోని జాఫ్నా ప్రాంతంలో గాలింపు ముగించుకుని వస్తున్న ఆయన దళంపై పొంచి ఉన్న ఎల్‌టీటీఈ (తమిళ పులులు) మిలిటెంట్లు కాల్పులు మొదలుపెట్టారు. ఆయన తన వాళ్లతో వెనక నుంచి వెళ్లి వాళ్లను చుట్టుముట్టారు. ముఖాముఖి పోరులో ఛాతీలో తూటా దిగినా, కాల్చినవాడి రైఫిల్ లాక్కుని అతణ్ని కాల్చేశారు. ప్రాణం పోయేదాకా ఆదేశాలు ఇస్తూనే ఉన్నారు. శ్రీలంకకు వెళ్లిన మన సైన్యంలో పరమవీర చక్ర దక్కింది ఆయనొక్కరికే. 2023లో అండమాన్‌లోని ఒక దీవికి ఆయన పేరు పెట్టారు కూడా.

ఆయనకు అంతవరకైనా జరిగింది. ఐపీకేఎఫ్ అని అందరూ పిలిచిన భారత శాంతి పరిరక్షక దళంలో 1987 నుంచి 1990 వరకు చనిపోయినవాళ్లు 1,100 మందికి పైనే. గాయపడినవాళ్లు దాదాపు మూడు వేలు. కార్గిల్ అనగానే జూలై 26, బంగ్లాదేశ్ అనగానే డిసెంబరు 16 గుర్తొస్తాయి. శ్రీలంకలో ఈ దళం జరిపిన ఆపరేషన్ పవన్ అంటే జనం నోట ఏ తేదీ పలకదు. అసలు ఆ పేరే చాలామంది వినలేదు. ఇన్నేళ్లూ ఆ మాజీ సైనికులు చాలావరకు తమంత తామే ఒకచోట కూడి, తమ వాళ్లను తలుచుకుంటూ వచ్చారు.

ఇది ఎవరిదో కథ అని చెన్నై తెలుగువాళ్లు అనుకోవడానికి లేదు. మొదట జాఫ్నాలో దిగిన 54వ పదాతి డివిజన్ సికింద్రాబాద్‌లో ఉండేది. మద్రాస్ రెజిమెంట్ పటాలాలూ వెళ్లాయి. ఆ రెజిమెంట్‌లో తమిళ, మలయాళ, కన్నడ కుర్రాళ్లతో పాటు శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా మన కుర్రాళ్లూ ఉంటారు. బ్యారక్స్‌లో పట్టుబడిన నాలుగు ముక్కల తమిళంతో జాఫ్నా సందుల్లో నిలబడాల్సి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎవరు మామూలు మనిషి, ఎవరి లుంగీ మడతలో గ్రెనేడ్ ఉంది, ఏ రోడ్డు కింద మందుపాతర ఉంది అన్నది తెలిసే దారి లేదు. 1987 జూలై 29 నాటి భారత్-శ్రీలంక ఒప్పందం ప్రకారం వాళ్లు వెళ్లింది తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించే పని సాఫీగా జరిగేలా చూడటానికి. అక్టోబరు వచ్చేసరికి అది ఎల్‌టీటీఈతో యుద్ధమైపోయింది. వాళ్ల పేరులో మాత్రం శాంతి అలాగే ఉండిపోయింది.

చనిపోయినవాళ్లలో చాలామందికి అంత్యక్రియలు అక్కడే జరిగాయి. ఇంటికి చేరింది టెలిగ్రాం, ఆ తరువాత ఇనుప పెట్టె, అస్థికలు. సైనికుడి పార్థివదేహాన్ని జెండా కప్పి సొంత ఊరికి తీసుకురావడం మామూలైంది 1999లో, కార్గిల్ నుంచి. సూర్యాపేటలో కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం ముందు నుంచి వెళుతున్న బడిపిల్లవాడికి గాల్వాన్ గురించి ఒక్క ముక్కైనా తెలుస్తుంది. శ్రీలంకలో పోయిన హవల్దారుకు ఊరేగింపు లేదు, కలెక్టర్ దండ లేదు, టీవీ లేదు. ఊరు కళ్లతో చూడని చావు ఊరి జ్ఞాపకంలోకి ఎక్కలేదు. మరచిపోవడానికి ఇదొక కారణమని మా అభిప్రాయం.

రెండో కారణం రాజకీయం. 1990 మార్చిలో చివరి దళాలు ఓడలో మద్రాసు రేవుకు వచ్చినప్పుడు, అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగత కార్యక్రమానికి వెళ్లలేదు. తమిళుల మీద తుపాకీ ఎత్తిన సైన్యానికి స్వాగతం పలకలేనన్నది ఆయన వైఖరి. ఆ కోపం గాల్లోంచి పుట్టలేదు. 1987 అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు, రోగులు మన సైన్యం కాల్పుల్లో చనిపోయారు. ఆ కుటుంబాల దుఃఖాన్ని పక్కకు నెట్టి మన సైనికులను తలుచుకోవాలని మేము అనడం లేదు. అక్కడ జరిగిన తప్పులు రాయాల్సిందే, అడగాల్సిందే. అయితే ఆ లెక్క పంపినవాళ్లను అడగాలి. ఒప్పందం మీద సంతకం చేసింది సిపాయి కాదు. సరిగా మ్యాపులు కూడా ఇవ్వకుండా తోలిన యుద్ధంలో వాడు చేయగలిగింది ఏముంది? అయినా ఢిల్లీ తన విఫలమైన విధానాన్ని గుర్తు చేసుకోదలచుకోలేదు. ఇక్కడి పార్టీలకు ఆ పేరెత్తితే ఓట్ల టెన్షన్. అందరికీ మౌనమే కలిసొచ్చింది.

విచిత్రం ఏమిటంటే, 1989లో మన సైన్యాన్ని వెళ్లిపొమ్మన్న శ్రీలంకే కొలంబో పక్కన శ్రీ జయవర్ధనపుర కోట్టెలో మనవాళ్ల పేర్లతో స్మారకం కట్టింది. 2025 ఏప్రిల్‌లో ప్రధాని మోదీ అక్కడ పుష్పగుచ్ఛం ఉంచారు. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలోనూ ఆ పేర్లు ఎక్కాయి. మంచిదే. కానీ అక్కడ ఒక్కొక్కరి ఇటుక మీద పేరు, హోదా, రెజిమెంట్ ఉంటాయి. ఆ మనిషిది ఏ ఊరో, ఇంట్లో ఎవరున్నారో ఆ గోడ చెప్పదు.

ఆ దళం ప్రధాన కార్యాలయం మద్రాసులోనే ఉండేది. సైన్యంలో కొంత భాగం ఓడ ఎక్కింది ఇక్కడే, చివరికి దిగిందీ ఇక్కడే. కాబట్టి ఈ నగరంలో ఏటా ఒక రోజు వాళ్ల కోసం ఉండాలి, అది నవంబరు 25 కావాలని మేము కోరుతున్నాం. పాలరాతి కట్టడం అడగడం లేదు. దానికి టెండరు, శంకుస్థాపన, ఎవరి ఫొటో పెద్దదన్న తగువు తప్పవు. ముందు కావలసింది జాబితా. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో రికార్డులు ఉంటాయి. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు వాటిని ఊళ్లవారీగా విడదీసి ప్రచురించవచ్చు. పెద్ద ఖర్చు కూడా కాదు.

మన సంఘాలకూ ఇందులో పని ఉంది. ప్రతి డిసెంబరు 15న అమరజీవి పొట్టి శ్రీరాములును తలుచుకునే మనం, అంతకు ఇరవై రోజుల ముందు ఇంకొక సాయంత్రం కేటాయించలేమా? ఆవడి, పల్లావరం, తాంబరం, సెయింట్ థామస్ మౌంట్ వైపు స్థిరపడిన తెలుగు మాజీ సైనికులు ఉన్నారు. మిలట్రీ క్యాంటీన్ దగ్గరో, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలిక్లినిక్ వరుసలోనో కనిపిస్తారు. పక్కన కూర్చుని అడిగితే చెబుతారు. అప్పుడు ఇరవై, పాతికేళ్ల వయసులో భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లకు ఇప్పుడు అరవై అటూ ఇటూ ఉంటాయి. వాళ్ల మాటలు రికార్డు చేయడానికి సెల్‌ఫోన్ చాలు, కానీ ఇంకో పదేళ్లు ఆగితే వినిపించేవాళ్లు ఉండరు.

శ్రీలంకలో చనిపోయిన తెలుగు సైనికుల కుటుంబాలు చెన్నైలో ఉన్నా, నెల్లూరులో ఉన్నా, మాకు రాయవచ్చు. ఫొటో, ఊరు, పటాలం, తెలిసినంత వివరం పంపితే, కుటుంబం ఒప్పుకున్న మేరకు నవంబరు 25 సంచికలో ప్రచురిస్తాం.