మేత బస్తాలోకి పురుగుల పిండి

రొయ్యల సాగులో పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది. అమ్మకం ధర ఎలాగూ రైతు చేతిలో లేదు. 2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు భీమవరం నుంచి నెల్లూరు దాకా ఎంత టెన్షన్ పడ్డారో చూశాం. మేత ధర కూడా ఎక్కడో నిర్ణయమవుతోంది. 2021లో మేతలో కలిపే సోయా చెక్క ధర మండిపోయి, 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం అనుమతివ్వాల్సి వచ్చింది. 2023లో ఎల్‌నినో దెబ్బకు పెరూ ఆంకోవీ చేపల తొలి సీజన్ వేటను రద్దు చేస్తే, వాటి నుంచి తీసి మేతలో కలిపే చేపపిండి ధర ప్రపంచమంతటా పెరిగింది.

అందుకే బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వా నుంచి తీసే పిండిపై పరిశోధనలను ఈ పత్రిక స్వాగతిస్తోంది. కూరగాయల వ్యర్థాలు తిని రెండు మూడు వారాల్లో ఎదిగే ఈ లార్వాలో ప్రొటీన్ పుష్కలం. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సిబా కూడా దీనిపై పనిచేస్తోంది. పురుగు అనగానే ముఖం చిట్లించాల్సిన పనిలేదు, సహజంగా పెరిగే రొయ్య తినేవాటిలో లార్వాలూ ఉంటాయి. చేపపిండిలో నాలుగో వంతు దాకా దీంతో భర్తీ చేసినా మనం ఎక్కువగా పెంచే వనామీ రకం రొయ్య ఎదుగుదల పెద్దగా తగ్గలేదని చాలా ప్రయోగాల్లో తేలింది. మోతాదు పెంచితే మాత్రం మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం చాలదు, పురుగు పైపొరలో ఉండే కైటిన్ సరిగా అరగదు.

మనకు ఇంకో దారి కూడా ఉంది. హిందూపురం, మదనపల్లె ప్రాంతాల్లో పట్టుగూళ్ల నుంచి దారం తీశాక మిగిలే ప్యూపాలోనూ (గూటి లోపలి పురుగు) ప్రొటీన్ బాగా ఉంటుంది. కొవ్వు ఎక్కువ కాబట్టి త్వరగా కంపు కొడుతుంది. దారం తీసే రీలింగ్ కేంద్రాల దగ్గరే ఆరబెట్టి నూనె తీసే యంత్రాలకు ప్రభుత్వం సాయం చేస్తే సీమ రీలర్‌కూ కోస్తా రైతుకూ మేలు.

మా ఆందోళనల్లా ఆ పురుగు ఏం తిని పెరిగిందన్నదే. ఆక్వా మేతలో పురుగుల ప్రొటీన్‌ను 2017లో అనుమతించిన యూరప్, వాటికి హోటల్ వ్యర్థాలు, పేడ పెట్టకూడదని కట్టడి చేసింది. అదే యూరప్ 2016లో మన రొయ్యల తనిఖీలను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. యాంటీబయాటిక్స్ ఆనవాళ్లున్న కోళ్ల వ్యర్థాలతో పెంచిన పురుగు మేతలో కలిస్తే, కంటైనర్ వెనక్కొచ్చినప్పుడు నష్టపోయేది రైతే. ధర విషయంలోనూ తొందర వద్దు. ఫ్రాన్స్‌లో భారీ పెట్టుబడులు సేకరించిన ‘ఇన్‌సెక్ట్’ (Ÿnsect) అనే పురుగుల ప్రొటీన్ సంస్థ 2024లో కోర్టు రక్షణ కోరాల్సి వచ్చింది. పురుగుల పిండి ఇంకా చేపపిండి కంటే చౌక కాలేదు.

కాబట్టి అప్పుల్లో ఉన్న రైతు చెరువు ప్రయోగశాల కాకూడదు. ముందు ప్రభుత్వ చెరువుల్లో, వేసవి పంటలోనూ చలికాలం పంటలోనూ పరీక్షించి, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్య ఎదగడానికి పట్టిన మేత) ఎంత వచ్చిందో, కిలో రొయ్యకు ఖర్చెంత అయిందో తెలుగులో ప్రకటించాలి. 2020 నాటి రాష్ట్ర మేత నాణ్యత చట్టం కింద పురుగుల పెంపకానికి వాడే పదార్థాలపై స్పష్టమైన నిబంధనలు పెట్టాలి. పురుగుల పిండి ఎంత శాతం కలిపారో బస్తా మీద ముద్రించడం మేత కంపెనీలకు తప్పనిసరి చేయాలి.