లైన్ దగ్గరున్న మనిషికి తెలియని నెట్‌వర్క్ ఎవరి కోసం?

రాత్రి షిఫ్టులో ప్యాకింగ్ లైన్ ఆగిపోతుంది. తెర మీద 'కమ్యూనికేషన్ ఫెయిల్' అన్న ముక్క తప్ప ఇంకేమీ ఉండదు. మెయింటెనెన్స్ టెక్నీషియన్ ముందు యంత్రాన్ని నడిపే కంప్యూటర్ అయిన పీఎల్‌సీని అనుమానిస్తాడు, తర్వాత మోటారును నడిపే డ్రైవ్ రీసెట్ చేస్తాడు, సెన్సర్ మార్చి చూస్తాడు. చివరికి ప్యానెల్ తలుపు తీస్తే, యంత్రాలను నెట్‌వర్క్‌తో కలిపే స్విచ్‌లో ఐదో పోర్ట్ లైటు వెలగడం లేదు. యంత్రం అదురుకు కనెక్టర్ వదులైంది, అంతే. పోర్ట్ పడిపోయిందన్న మెయిల్ మాత్రం ఎప్పుడో వెళ్లింది, ఇంట్లో నిద్రపోతున్న ఐటీ ఉద్యోగికి.

ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌ను సులభం చేశామని చెప్పే ఏ సాఫ్ట్‌వేర్‌నైనా నేను ఒక్కటే అడుగుతాను: ఆ టెక్నీషియన్‌కు ఏం చూపిస్తావు? ఐపీ అడ్రస్ చూపిస్తే అతనికి ఒరిగేదేమీ లేదు. 'రెండో ఫిల్లర్ నుంచి కన్వేయర్ డ్రైవ్‌కు వెళ్లే కేబుల్' అని చూపిస్తే నేరుగా అక్కడికే నడుస్తాడు. ఏ పోర్టుకు ఏ పరికరం తగిలి ఉందో, పరికరాలు పక్కవాటికి తమను పరిచయం చేసుకునే ఎల్‌ఎల్‌డీపీ అనే ప్రోటోకాల్ ఎన్నాళ్ల నుంచో చెబుతూనే ఉంది. ఫ్యాక్టరీ యంత్రాల నెట్‌వర్క్ ప్రమాణమైన ప్రొఫినెట్‌లోనైతే, ముందే టోపాలజీ, అంటే ఏది దేనికి కలిసి ఉందన్న పటం, నమోదు చేసి ఉంటే, పాడైన పరికరం స్థానంలో కొత్తది పెట్టగానే పాత పేరు దానికదే వస్తుంది. లేనిదల్లా ఆ సౌకర్యాన్ని షాప్‌ఫ్లోర్ దాకా తీసుకురావాలన్న పట్టుదల.

నన్ను ఎక్కువ భయపెట్టేది పరికరాలను వలయంగా కలిపే రింగ్ నెట్‌వర్క్. కేబుల్ తెగితే దారి మళ్లించే ఎంఆర్‌పీ అనే పద్ధతిలో 50 పరికరాల రింగులో ఒక కేబుల్ తెగినా, 200 మిల్లీసెకన్లలోపే ట్రాఫిక్ రెండో వైపు నుంచి మళ్లుతుంది. లైన్ ఆగదు. ఆగలేదు కాబట్టి ఎవరూ అటు చూడరు. రక్షణ పోయిందన్న సంగతి ఏదో లాగ్‌లో పడి ఉంటుంది. కొన్నాళ్లకు రెండో కేబుల్ తెగినప్పుడు సగం లైన్ కుప్పకూలుతుంది, అందరూ ఆ రెండో కేబుల్‌నే తిట్టుకుంటారు. మొదటిది తెగిన రోజే షిఫ్ట్ ఇన్‌ఛార్జి తెర మీద ఒక పసుపు గుర్తు వెలిగి ఉంటే, తర్వాతి షట్‌డౌన్‌లో పది నిమిషాల్లో తీరిపోయేది.

ఇవి చిన్న విషయాలని ఎవరైనా అంటే, అమెరికాలోని బ్రౌన్స్ ఫెర్రీ అణువిద్యుత్ కేంద్రాన్ని గుర్తుచేస్తాను. 2006 ఆగస్టులో నెట్‌వర్క్ ట్రాఫిక్ మితిమీరి రియాక్టర్‌లో నీటిని తిప్పే రీసర్క్యులేషన్ పంపుల కంట్రోలర్లు స్పందించడం మానేశాయి. ఆపరేటర్లు మూడో యూనిట్ రియాక్టర్‌ను చేతులతో ఆపాల్సి వచ్చింది. బయటివాళ్ల దాడి జరిగిందనడానికి ఆధారమేమీ దొరకలేదు.

షాప్‌ఫ్లోర్‌కు అధికారమిస్తే భద్రత పోతుందని ఐటీ విభాగాలు అంటాయి. 2019లో నార్వే అల్యూమినియం కంపెనీ నార్స్క్ హైడ్రోను, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ఎలా కుదిపేసిందో చూశాక ఆ భయాన్ని తీసిపారేయలేం. కానీ అందరికీ చూసే హక్కు, టెక్నీషియన్‌కు పరికరం మార్చే హక్కు, ప్రతి పనికీ లాగ్ ఇస్తే సరిపోతుంది. ఫ్యాక్టరీ నియంత్రణ వ్యవస్థల భద్రతకు సంబంధించిన ఐఈసీ 62443 ప్రమాణం కూడా ఎవరి పనికి తగ్గ హక్కు వారికనే అంటుంది. టెక్నీషియన్‌కు దారి మూసేస్తే అతను ఆగడు, ఉత్పత్తి ఒత్తిడి ఆగనివ్వదు. చేతికందిన మామూలు స్విచ్ ఒకటి తెచ్చి ప్యానెల్‌లో తగిలిస్తాడు. అప్పుడు దాన్ని చూసే కన్ను ఎవరికీ ఉండదు.

అసలు గొడవ సాఫ్ట్‌వేర్‌ది కాదనిపిస్తుంది నాకు. యంత్రం శబ్దం మారితేనే పసిగట్టే మనిషిని, ఆ యంత్రం మీద ఏ నిర్ణయానికీ పిలవం. నెట్‌వర్క్ కొనేటప్పుడు అతను గదిలో ఉండడు, అది పడిపోయినప్పుడు సంజాయిషీ మాత్రం అతనే ఇచ్చుకోవాలి. సంతకాలు పెట్టే ముందు రాత్రి షిఫ్ట్ టెక్నీషియన్ చేతికి ఒక కొత్త స్విచ్ ఇవ్వండి. ఎవరికీ ఫోన్ చేయకుండా పాతది తీసి దీన్ని పెట్టి లైన్ నడిపించమనండి. అతని వల్ల కాకపోతే అమ్మినవాళ్ల బిల్లు ఆపండి.