లాభం లేని లెక్కలు: నగరానికి పొంచి ఉన్న ముప్పు

లెక్క చేయడానికి మన సమాజం ఒప్పుకున్న కారణాలు కొన్నే ఉన్నాయి. ఈఏపీసెట్, జేఈఈ, బ్యాంకు పరీక్ష, చీటీపాట, స్థలం గజాలు. ఇవేవీ లేకుండా, ఎవరూ అడక్కుండా, పైసా రాకుండా, రాత్రి పదకొండు దాటాక ఫోన్లో ఒకరికొకరు లెక్కలు పంపుకుని, కూర్చుని చేసుకుని, మురిసిపోయే జనం విశాఖపట్నంలో పెరుగుతున్నారు. ఈ విషయాన్ని సంబంధిత అధికారుల దృష్టికి తేవడం బాధ్యత గల పౌరుడిగా, ముఖ్యంగా ఇద్దరు పిల్లలకి కోచింగ్ ఫీజు కడుతున్న తండ్రిగా, నా విధి.

నిఘా కోసమే నేను వాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరాను. ఉక్కునగరంలో ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన, మద్దిలపాలెంలో మందుల షాపు కుర్రాడు, ఎంవీపీ కాలనీ నుంచి ఒక గృహిణి, షిప్‌యార్డు వెల్డరు, ఇంకా రకరకాల వాళ్లు. కులం వేరు, పార్టీ వేరు, అభిమాన హీరో వేరు. అయినా వీటి మీద ఒక్కరోజూ కొట్టుకోరు. గుడ్ మార్నింగ్ గులాబీలు పంపుకోరు. ఇలాంటి గ్రూపు మామూలుది కాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

కొట్టుకోరంటే బొత్తిగా కొట్టుకోరని కాదు. 2019లో ప్రపంచమంతా తిరిగిన 8÷2(2+2) అనే లెక్క ఇక్కడికి కాస్త ఆలస్యంగా చేరింది. ఎడమ నుంచి చేసుకుంటూ పోతే 16. రెండుని బ్రాకెట్‌కి అతికించి ముందు గుణిస్తే 1. మన టీవీ చర్చల స్థాయికి ఏమాత్రం తీసిపోని గొడవ మొదలైంది. పాత టెక్స్ట్‌బుక్కుల ఫొటోలు బయటికొచ్చాయి, చిన్నప్పటి మాస్టార్ల పేర్ల మీద ఒట్లు పడ్డాయి. పది రోజులు హాయిగా గడిచేది. ఈలోగా ఉక్కునగరం పెద్దాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు: “సరిగ్గా రాయని లెక్కకి జవాబేటి బాబూ? ఇంకో బ్రాకెట్ పెట్టమనండి, అప్పుడు చూద్దాం.” అంతే, గొడవ చల్లారిపోయింది. మంచి వివాదాన్ని ఇలా నడిమధ్యలో చంపేసేవాళ్లు ప్రజాస్వామ్యానికి ఏం మేలు చేస్తారు?

ఇక రోడ్డు భద్రత సంగతి. జంక్షన్ దగ్గర సిగ్నల్ పడితే సాధారణ పౌరుడు హారన్ కొడతాడు. వీళ్లు ముందున్న బండి నంబరు చదువుతారు. మందుల షాపు కుర్రాడికి ఒకరోజు 4915 కనపడింది. ఆ అంకెల్ని పెద్దవి ముందుగా పేర్చితే 9541, చిన్నవి ముందుగా పేర్చితే 1459. తీసేస్తే 8082. మళ్లీ అదే పని: 8820లోంచి 0288 పోతే 8532. ఇంకోసారి: 8532లోంచి 2358 పోతే 6174. ఇక్కడితో బండి ఆగిపోతుంది. 7641లోంచి 1467 తీసినా మళ్లీ 6174యే. నాలుగంకెలూ ఒకటే కాకుంటే చాలు, ఏ నంబరుతో మొదలెట్టినా ఏడు తీసివేతల్లోపు ఇక్కడికే వచ్చి పడాలి. దీన్ని 1949లో పట్టుకున్నది నాసిక్ పక్కన దేవళాలిలో బడిపంతులు, డి.ఆర్. కాప్రేకర్. పిల్లలకి పాఠం చెప్పి ఇంటికి పోక, ఆయన చేసిన నిర్వాకం ఇది. ఇప్పుడు దాని ఫలితంగా సిగ్నల్ పచ్చబడినా మా కుర్రాడు కదల్లేదు. వెనకాల ఆటోవాడు తిట్టిన తిట్లు పత్రికలో రాయదగ్గవి కావు.

దీనిలో ప్రభుత్వ ఆదాయానికి ముప్పు కూడా దాగి ఉంది. లక్షలు పోసి వేలంలో 9999 కొనుక్కునే పెద్దమనుషులున్నారు కదా. ఆ అంకెల్ని ఎటు తిప్పి పేర్చినా అదే నంబరు, తీసేస్తే ఒక్క దెబ్బకి సున్నా. నాలుగు రోజుల కిందట గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది: “సిరిపురంలో 9999 వెళ్తోంది. పాపం, అందరూ జాలిపడండి.” వెల్డరు రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టాడు. రవాణా శాఖ వారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

బస్సులనీ, దేవుణ్ణీ కూడా వీళ్లు వదలరు. భీమిలి వెళ్లే 900K బస్సు వస్తే మనకి సీటు దొరుకుతుందా అని దిగులు. వీళ్లకి అది ముప్పై వర్గం. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు అనగానే భక్తుడు గోవిందా అంటాడు, వీళ్లు రెండు ఘాతం ఐదు అంటారు. పాదాలకి బొబ్బలు మాత్రం అందరికీ సమానమే.

ఇవన్నీ క్షమించొచ్చు. క్షమించరానిది, జవాబు కీ లేని లెక్కల్ని ఇళ్లలోకి వదలడం. 1937 నుంచి కొలాట్జ్ పేరు మీద చలామణీలో ఉన్న లెక్క ఒకటుంది. ఏదో ఒక సంఖ్య అనుకోండి. సరి సంఖ్య అయితే సగం చేయండి. బేసి అయితే మూడుతో గుణించి ఒకటి కలపండి. అలా చేసుకుంటూ పోతే చివరికి 1 వస్తుందా? ఇప్పటిదాకా ప్రయత్నించిన ప్రతి సంఖ్యకీ వచ్చింది. ఎప్పుడూ వస్తుందని మాత్రం ఈ భూమ్మీద ఎవరూ రుజువు చేయలేదు. ఐదో తరగతి పిల్లాడికి అర్థమయ్యే ప్రశ్న, ప్రపంచంలో ఏ ప్రొఫెసరూ తేల్చలేని ప్రశ్న. ఎంవీపీ కాలనీ గృహిణి స్టవ్ మీద పాలు పెట్టి 27తో మొదలెట్టింది. 27 చూడ్డానికి బుద్ధిమంతురాలే గానీ, 9232 దాకా ఎక్కి, దిగి, మొత్తం 111 మెట్ల తర్వాత గానీ 1కి రాదు. రాత్రి గ్రూపులో ఆవిడ హెచ్చరిక: “పొయ్యి మీద ఏదైనా ఉంటే 27 జోలికి పోకండి. 26 చేసుకోండి, పది మెట్లలో అయిపోతుంది.” ఆ ఇంట్లో కాఫీకి ఎవరు బాధ్యులు?

ఈ సంగతి నేను మా పిల్లల కోచింగ్‌లో లెక్కల సారుకి విన్నవించాను. ఆయన శ్రద్ధగా విని, “ఎన్ని మార్కులకి వస్తుందండీ?” అన్నారు. రాదన్నాను. “ఆప్షన్లు?” లేవన్నాను. “షార్ట్‌కట్?” అదీ లేదన్నాను. కాసేపు నా వైపు జాలిగా చూసి, “ఇంట్లో అంతా బాగానే ఉన్నారు కదా?” అని అడిగారు. నిపుణుల అభిప్రాయం ఇలా ఉంది.

వీళ్ల అలవాట్లలో అన్నిటికన్నా వింతైనది, జవాబు తెలిసినవాడు నోరు మూసుకోవడం. “ఆగండి, ఇప్పుడే చెప్పకండి” అని బతిమాలుకుంటారు. ఈమధ్య చేరిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి ఈ మర్యాద తెలీదు. ఎవరో మూడు తలుపుల లెక్క పెట్టారు: ఒక తలుపు వెనక కారు, రెండిటి వెనక మేకలు. మీరు ఒకటి ఎంచుకున్నాక, కారెక్కడుందో తెలిసిన నిర్వాహకుడు మిగిలిన వాటిలో మేక ఉన్నదొకటి తెరిచి, మార్చుకుంటారా అంటాడు. కుర్రాడు దాన్ని ఏఐకి తినిపించి అర నిమిషంలో జవాబు అతికించాడు: మార్చుకోవాలి, గెలుపు అవకాశం మూడింట రెండు. జవాబు తప్పేం కాదు. గ్రూపులోంచి తీసేస్తారనుకున్నాను. అంతకన్నా ఘోరం చేశారు. “ఎందుకని?” అని అడిగారు.

ఆ రాత్రి కుర్రాడు వంటింట్లో మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద జీడిపప్పు పెట్టించి, నాయనమ్మని నిర్వాహకురాలిగా కూర్చోబెట్టాడు. మార్చుకున్నప్పుడల్లా మూడింట రెండు వంతులు గెలుస్తున్నాడు, ఎందుకో మాత్రం బుర్రకెక్కలేదు. రెండు గ్లాసులే మిగిలాయి కాబట్టి సగం సగం కావాలి కదా అని పంచాయితీ పెట్టాడు. నాయనమ్మ విసుక్కుంది. “పప్పెక్కడుందో నాకు తెల్సు గదేట్రా. మిగిలిన రెండిట్లో ఖాళీదే చూసి ఎత్తుతాను. నువ్వు ముందే తప్పు గ్లాసు పట్టుకుంటే, నేనొదిలిందాన్లోనే గదా పప్పు.” మొదట తప్పు గ్లాసు పట్టుకునే అవకాశం మూడింట రెండు. లెక్క అయిపోయింది. 1990లో అమెరికాలో మారిలిన్ వోస్ సావంత్ ఒక పత్రికలో ఇదే జవాబు రాస్తే పదివేల దాకా ఉత్తరాలొచ్చాయి, ఆమెదే తప్పని వాదించినవాళ్లలో డాక్టరేట్లు ఉన్న పెద్దలు కూడా బోలెడుమంది. మా కుర్రాడి నాయనమ్మ నాలుగో క్లాసు. నెలకింత అని ఫీజు తీసుకోకుండా ఇలా వంటింట్లో జ్ఞానం పంచిపెట్టడాన్ని ఏ చట్టం కిందకి తేవాలో న్యాయనిపుణులు తేల్చాలి.

మూలాలు వెతికితే జబ్బు పాతదేనని తేలింది. మహావీరాచార్యుల గణిత గ్రంథాన్ని పదకొండో పన్నెండో శతాబ్దంలోనే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి దించాడు. భారతం తెలుగు చేసుకుంటున్న రోజుల్లో లెక్కలు తెలుగు చేసుకోవాల్సిన తొందరేమొచ్చింది? మన వాల్తేరు గాలిలోనే ఏదో ఉందంటాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన మీనాక్షిసుందరం పేరు 1949 నుంచి జీటా ఫంక్షన్ అనే ఒక గణిత సూత్రానికి, పక్కన స్వీడన్‌కి చెందిన ప్లేయెల్ పేరుతో కలిపి, అతుక్కుపోయి ఉంది. విదేశీ హస్తం ఇంకా ఆగలేదు. ఇంగ్లండులో యార్క్‌షైర్‌కి చెందిన డేవిడ్ స్మిత్ అనే రిటైరైన ప్రింటింగ్ పనివాడు 2022లో సరదాగా ఆకారాలు పేర్చుకుంటూ, పదమూడు అంచుల బిళ్ల ఒకటి కనిపెట్టాడు. దాన్ని సందు లేకుండా ఎంత దూరమైనా పరవొచ్చు, డిజైను మాత్రం క్రమం తప్పక తిరిగి తిరిగి రాదు. గణితవేత్తలు దశాబ్దాలుగా వెతుకుతున్నది అదే. 2023లో మరో ముగ్గురితో కలిసి రుజువు కూడా బయటపెట్టాడు. ఆ వార్త తెలిసిన దగ్గర్నుంచి ఉక్కునగరం పెద్దాయన పాత కేలండర్ల అట్టలు కత్తిరించి హాలంతా పరుస్తున్నాడు. “తొక్కకుండా నడవండి” అని చుట్టాలకి ముందే ఫోన్ చేస్తున్నారట వాళ్ల ఆవిడ. నగరంలో టైల్సు వ్యాపారులు అప్రమత్తంగా ఉండాలి.

నిషేధం పెట్టి లాభం లేదు. నిషేధిస్తే, పోలీసులకి దొరక్కుండా బీచ్ రోడ్డుకి ఎన్ని దారుల్లో చేరుకోవచ్చో లెక్కేస్తారు. అందుకే ప్రభుత్వానికి నా మనవి వేరు. వీళ్లకి కోచింగ్ పెట్టించండి. వేకువనే నాలుగున్నరకి స్టడీ అవర్, ఆదివారం టెస్టు, తప్పుకి నెగెటివ్ మార్కు. మద్దిలపాలెం జంక్షన్లో ఫ్లెక్సీ కట్టించండి, వెల్డరు ఫొటో కింద 6174వ ర్యాంకు అని వేయించండి. నాయనమ్మని ఫ్యాకల్టీలో చేర్చుకోండి, అయితే నోరు విప్పకూడదన్న షరతు మీద. ఆ ఫ్లెక్సీ మాటర్ కూడా నేనే రాసి పెట్టాను: ప్రవేశాలు జరుగుచున్నవి. రిటైరైన వారికి ప్రత్యేక బ్యాచ్. ముందుగా చేరిన వారికి ఫీజులో రాయితీ. ఎందుకు అని అడిగేవారికి ప్రవేశం లేదు.