కరెంటుకు ఉన్న విచారణ నీళ్లకు ఎందుకు లేదు?

హైదరాబాద్ తాగునీటి కోసం నాగార్జునసాగర్ దగ్గర సుంకిశాలలో కడుతున్న పంప్‌హౌస్ రక్షణ గోడ 2024 ఆగస్టు 2న కూలిపోయింది. జనానికి తెలిసింది దాదాపు వారం తర్వాత, అదీ ఎవరో తీసిన వీడియో ఫోన్లలో తిరిగితే. ఆ తర్వాతి కథ తెలిసిందే. ప్రాజెక్టు మొదలుపెట్టింది మీరేనని ఒకరు, గోడ కూలింది మీ హయాంలోనని ఇంకొకరు తిట్టుకున్నారు. కమిటీ వేశారు, కొందరు ఇంజినీర్లను సస్పెండ్ చేశారు, అక్కడితో సరి. రెండు వేల కోట్లు దాటిన పనిలో ఇంత ప్రమాదం జరిగితే అదే రోజు సాయంత్రానికి నగరానికి చెప్పాల్సింది ఎవరు అన్న ప్రశ్న మాత్రం ఆ గొడవలో కొట్టుకుపోయింది. నన్నడిగితే అసలు ప్రశ్న అదే. చెప్పలేదేమని, నగరానికి నీళ్లిచ్చే జలమండలిని నిలదీసే అధికారం ఉన్న స్వతంత్ర నియంత్రణ సంస్థ ఒక్కటి కూడా ఈ రాష్ట్రంలో లేదు.

జలమండలి 1989లో ప్రత్యేక చట్టంతో ఏర్పడింది. బెంగళూరు 1964లో, మద్రాసు 1978లో పట్టిన దారే అది. నగరపాలక సంస్థ నుంచి నీళ్లను విడదీసి నిపుణుల చేతిలో పెడితే రాజకీయాలు దూరమవుతాయన్నారు. మరి ఛైర్మన్ ఎవరు? ముఖ్యమంత్రి. ఎండీ ఐఏఎస్ అధికారి, ఆయన్ని వేసేదీ తీసేదీ ప్రభుత్వమే. ఛార్జీలు మార్చాలంటే ప్రభుత్వ ఆమోదం కావాలి. అంటే ముఖ్యమంత్రి అధ్యక్షతన ఉన్న బోర్డు, ముఖ్యమంత్రి నడిపే ప్రభుత్వానికి ఫైలు పంపుకుంటుంది. ఫిర్యాదు వస్తే బోర్డును అడగాల్సిందీ ఆ ప్రభుత్వమే.

దీని ఫలితం 2020 నవంబరులో చూశాం. ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం అన్న నిర్ణయం గ్రేటర్ ఎన్నికల మేనిఫెస్టోలో వచ్చింది, మరుసటి జనవరిలో అమలైంది. ఉచితం తప్పని నేను అనడం లేదు, బస్తీలకు అది అందాల్సిందే. కానీ ఏటా ఎంత ఖర్చవుతుంది, ఆ డబ్బు ప్రభుత్వం ఎప్పటికి ఇస్తుంది, ఇవ్వకపోతే పాత పైపులైన్లు మార్చే పని ఆగిపోతుందా? వీటిని జనం ముందు ఎవరూ చర్చకు పెట్టలేదు. పెట్టే వేదికే లేదు.

ఇప్పుడు కరెంటు సంగతి చూడండి. 2024లో తెలంగాణ కరెంటు పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, నెలకు 300 యూనిట్లు దాటే ఇళ్లకు ఫిక్స్‌డ్ ఛార్జీని కిలోవాటుకు 10 రూపాయల నుంచి 50కి పెంచుతామన్నాయి. విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టి, అక్టోబరులో ఆ పెంపును తోసిపుచ్చింది. ఆ విచారణలకు ఒక్కసారైనా వెళ్లి చూడాలి. డిస్కం అధికారులు ఓ పక్క వరుసగా కూర్చుంటారు. రైతు సంఘం నాయకుడు కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల జాబితాతో వస్తాడు, చిన్న పరిశ్రమ యజమాని బిల్లుల కట్టతో వస్తాడు, రిటైరైన ఇంజినీరు డిస్కం లెక్కల్లో తప్పులు పెన్సిల్‌తో గీసుకుని మరీ వస్తాడు. మైక్ అందరికీ అందుతుంది. ముందే రాసిచ్చిన అభ్యంతరానికి డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాలి. చివర్లో ఛార్జీలు ఖరారు చేస్తూ వచ్చే టారిఫ్ ఆర్డర్‌లో ఆ అభ్యంతరం, డిస్కం జవాబు, మండలి అభిప్రాయం మూడూ అచ్చవుతాయి. సామాన్యుడి ప్రశ్న ప్రభుత్వ రికార్డులోకి ఎక్కడం మన దగ్గర చిన్న విషయం కాదు.

ఇంకో విచిత్రం చెప్పాలి. జలమండలి డిస్కంలకు కట్టాల్సిన కరెంటు బకాయిలు వేల కోట్లలో ఉన్నాయి. గోదావరి నీళ్లను 186 కిలోమీటర్లు తోడి తేవాలంటే ఆ మాత్రం బిల్లు రాదా! ఆ బకాయిల మాట విద్యుత్ విచారణల్లో లేస్తుంది. నీళ్ల బోర్డు అప్పుల గురించి తెలుసుకోవాలంటే కరెంటు విచారణకు వెళ్లాలన్నమాట.

ఇక గల్లీలోకి వద్దాం. నల్లా ఎప్పుడొస్తుందో కచ్చితంగా తెలిసేది లైన్‌మన్‌కే. పొడవాటి ఇనుప కడ్డీ గుంతలోకి దించి వాల్వు ఎన్ని చుట్లు తిప్పాడన్నదాన్ని బట్టి చివరి ఇంటికి బిందె నిండుతుందా, సన్నటి ధారే వస్తుందా అన్నది తేలుతుంది. ముందున్న ఇళ్లవాళ్లు లైనుకే మోటారు బిగిస్తే అదీ పోయినట్టే. జలమండలికి సిటిజన్ చార్టర్ లేకపోలేదు. ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరూ ఇస్తారు. ఆ ఫిర్యాదును మూసేసేదీ వాళ్లే. కరెంటు వినియోగదారుడికి పైన ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఉన్నాడు. నీళ్ల వినియోగదారుడికి కోర్టు మెట్లెక్కడమే గతి.

నీళ్లకూ అలాంటి నియంత్రణ మండలి కావాలంటే, రెగ్యులేటర్ అన్నది ప్రపంచ బ్యాంకు మాటని, ఛార్జీలు పెంచి చివరికి ప్రైవేటుకు అప్పగించడానికేనని వామపక్ష మిత్రులు అంటారు. విద్యుత్ సంస్కరణల కాలం చూసినవాళ్లకు ఆ అనుమానం రావడంలో తప్పులేదు. అయితే విద్యుత్ విచారణల్లో అందరికంటే గట్టిగా మాట్లాడుతున్నది ఆ మిత్రులే. ఆ మైక్ నీళ్లకు మాత్రం వద్దనడం నాకు అర్థం కాదు.

ఆంధ్రలో నీళ్లు కార్పొరేషన్ల చేతిలోనే ఉన్నాయిగా, అక్కడ ఒరిగిందేమిటని ఇంకొందరు అడుగుతారు. 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీళ్లతో అతిసారం ప్రబలి పది మందికి పైగా చనిపోయారు. నిజమే. కానీ ఆ రోజు గుంటూరుకు మేయర్ లేడు, ఒక్క కార్పొరేటరూ లేడు. 2010లో గడువు తీరిన కౌన్సిల్‌కు మళ్లీ ఎన్నిక జరిగింది 2021లో. విశాఖదీ అదే వరస, 2012 నుంచి 2021 దాకా. తెలంగాణలో సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి నాటికే అయిపోతే ఎన్నికలు 2025 డిసెంబరులో పెట్టారు. మధ్యలో అంతటా ప్రభుత్వం వేసిన ప్రత్యేకాధికారులే. నల్లాలో మురుగు వాసన వస్తే కార్పొరేటర్ ఇంటి ముందు బిందెలతో కూర్చోవచ్చు, ప్రత్యేకాధికారి ఇల్లెక్కడో ఎవరికి తెలుసు? 74వ రాజ్యాంగ సవరణ తాగునీటి సరఫరాను నగరపాలక సంస్థల పనుల జాబితా అయిన 12వ షెడ్యూల్‌లో పెట్టి మూడు దశాబ్దాలు దాటింది. పార్టీలు మారినా స్థానిక సంస్థల గొంతు నొక్కడంలో మన ముఖ్యమంత్రులందరిదీ ఒకటే మాట. జలమండలి ఆ అలవాటుకు హైదరాబాద్ రూపం.

1989 చట్టాన్ని సవరించాలి. నీళ్ల ఛార్జీలు, సబ్సిడీ లెక్కలు బహిరంగ విచారణ దాటాకే అమల్లోకి రావాలి. బోర్డులో సగం కుర్చీలు ఎన్నికైన నగర ప్రతినిధులకు ఇవ్వాలి. సుంకిశాల లాంటిది జరిగితే 24 గంటల్లో ప్రకటన రాకపోతే ఎండీ సంజాయిషీ ఇచ్చుకునేలా నిబంధన ఉండాలి. అసెంబ్లీలో మెజారిటీ ఉన్న ఏ ప్రభుత్వానికైనా ఇదొక్క రోజు పని. కాకపోతే బోర్డులో ఖాళీ చేయాల్సింది ముఖ్యమంత్రి కుర్చీ, బిల్లు పెట్టాల్సిందీ ముఖ్యమంత్రే.