బోర్డు ధర, బయటి ధర, కొసరు

మా కాలనీ రైతుబజారులో గేటు లోపల సామ్యవాదం, గేటు బయట పెట్టుబడిదారీ వ్యవస్థ, మధ్యలో స్కూటర్లు. బెర్లిన్‌లో దీనికోసం గోడ కట్టి 28 ఏళ్ళు కాపలా కాశారు. మా విశాఖపట్నంలో అంత ఖర్చు పెట్టలేదు. ఒక ఇనుప గేటు, పక్కన కుర్చీలో కునుకు తీస్తున్న ఒక గార్డు, అంతే.

నేను ముప్పై ఏళ్ళు ఇంటర్ సీఈసీ పిల్లలకి సివిక్స్ చెప్పి రిటైరైన మనిషిని. 'ఆర్థిక వ్యవస్థల మధ్య భేదములు రాయుము' అనే ప్రశ్నకి ఎన్ని వేల జవాబులు దిద్దానో లెక్కలేదు. మొన్న ఆదివారం మా మనవడు అదే ప్రశ్న పట్టుకొచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుని గొంతు సవరించుకునే లోపే వాళ్ళమ్మమ్మ నా చేతిలో సంచి పెట్టింది. "ఆ చెప్పేదేదో దారిలో చెప్పండి. కిలో టమాటా, అరకిలో బెండకాయలు." ఈ పరిశోధన అలా మొదలైంది.

లోపలికి అడుగుపెట్టగానే ధరల బోర్డు. 1999లో రైతుబజార్లు పెట్టినప్పటి ఉద్దేశం నిజంగా మంచిది. దళారీ లేకుండా రైతు అమ్ముకోవాలి, మనకి చవగ్గా దొరకాలి. అందుకని ఏ కూర ఎంతో పొద్దున్నే నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. మాస్కోలో 1921లో గోస్‌ప్లాన్ అని ఒక ప్రణాళికా సంఘం పెట్టి, రానురాను సోవియట్ దేశం మొత్తానికి ఇదే పని చేశారు. ఉక్కు ఎంత, మేకులు ఎన్ని, చెప్పుల జతలు ఎన్ని, అన్నీ ఆఫీసులో కూర్చునే తేల్చేశారు. మా బోర్డు అంత దూరం పోలేదు, చామదుంపల దగ్గర ఆగింది.

బోర్డు మీద టమాటా 24. టమాటాలు అమ్మే ఆవిడ ముందు మాత్రం రెండు గుట్టలున్నాయి. ఒక గుట్ట పెళ్ళికి ముస్తాబై వచ్చినట్టుంది. రెండోది పెళ్ళి చేసి అలిసిపోయినట్టుంది.

"ఇయ్యి బోర్డు రేటు బాబూ. అయ్యి కావాలంటే ముప్పై."

"బోర్డు మీద ఒకటే ధర ఉంది కదమ్మా?"

"బోర్డుకేటి బాబూ, దానికి టమాటా కనబడతాదేటి?"

ఆస్ట్రియా ఆర్థికవేత్త హయెక్ జీవితమంతా చెప్పిన మాట దాదాపు ఇదే. ఎక్కడో కూర్చుని ధరలు రాసేవాడికి ఇక్కడి సంగతులన్నీ చేరవు అని. ఆయనకి 1974లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈవిడకి ఇంకా ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మనవడు ఫోన్లో నోట్ చేసుకున్నాడు.

సరే, స్వేచ్ఛా విపణి ఎలా ఉందో చూద్దామని గేటు బయటికి వచ్చాం. వరసగా మూడు తోపుడు బండ్లు. అమ్మేవాళ్ళ మధ్య పోటీ ఉంటే ధర తగ్గుతుందని నేను ముప్పై ఏళ్ళు చెప్పాను. మూడు బండ్ల మీదా టమాటా 40. ఆరా తీస్తే ముగ్గురూ ఒకే మావగారి అల్లుళ్ళు. మార్కెట్‌ని నడిపిస్తుందని ఆడమ్ స్మిత్ చెప్పిన కనిపించని చెయ్యి మాత్రం నాకు అక్కడే కనిపించింది. పెద్దల్లుడి చిటికెనవేలు కాటా అంచు మీద, చాలా మర్యాదగా, ఆని ఉంది.

చరిత్ర తీర్పు ఏమిటో కూడా వాడికి తెలియాలని బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళాను. కురుసుర జలాంతర్గామి సోవియట్లు కట్టింది. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, మరుసటేడు ఇసుకలో మ్యూజియం అయింది. దానికి ఎదురుగా టీయూ-142 విమానం, అదీ సోవియట్లదే. ఆ దేశం పోయి ముప్పై ఏళ్ళు దాటినా దాని సామాను మా ఊళ్ళో భద్రంగా ఉంది. ఆ సామాను దాపునే మురీ మిక్చరు కలుపుతూ, మొక్కజొన్న పొత్తులు కాలుస్తూ పెట్టుబడిదారీ వ్యవస్థ వర్ధిల్లుతోంది. మార్కెట్ భక్తులు దీన్ని చూసి మీసం మెలేసే ముందు అదే రోడ్డులో భీమిలి దాకా వెళ్ళిరావాలి. 1602లో పుట్టి, జనానికి వాటాలు అమ్మిన తొలి కంపెనీగా పేరు మోసిన డచ్ ఈస్టిండియా కంపెనీ అక్కడ వ్యాపారం చేసింది. ఇప్పుడు చూడ్డానికి మిగిలింది సమాధులు. వాటాదార్లెవరూ వచ్చిపోతున్న జాడ లేదు.

"మరి మిశ్రమ ఆర్థిక వ్యవస్థో?" అన్నాడు మనవడు. దాన్ని గాజువాక దాటితే ఉక్కు కర్మాగారం రూపంలో, చిమ్నీలతో సహా చూడొచ్చు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని జనం వీధుల్లోకొచ్చి ప్రాణాలిచ్చారు. అక్కడ నాకు వ్యంగ్యం రాదు. ఆ తరవాతి కథ మాత్రం తనే వ్యంగ్యం రాసుకుంది. 1971లో శంకుస్థాపన. కట్టడానికి సాయం చేసిన సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో కనుమరుగైంది. అదే ఏడాది మార్కెట్ల తలుపులు తెరిచిన పి.వి.నరసింహారావు గారే 1992లో ఈ ప్రభుత్వ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఇనుప ఖనిజానికి సొంత గనులు ఇవ్వలేదు. పక్కింటి పిండితో దోసెల బండి నడపమన్నట్టు. 2021 జనవరిలో నూటికి నూరు శాతం అమ్మేద్దామన్నారు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. అంగడికి తోలిన ఆవుకి మేత కూడా పెట్టడాన్నే మిశ్రమం అంటారని రాసుకోమన్నాను.

ఇక ప్రభుత్వ రూపాలు. ఒకడు ఏలితే రాచరికం, కొందరు ఏలితే కులీన పాలన, పలువురు ఏలితే 'పాలిటీ', అది దారితప్పితే ప్రజాస్వామ్యం అని అరిస్టాటిల్ లెక్క వేశాడు. ఎవరూ ఏలకపోతే ఏమిటో చెప్పలేదు. మా మహా విశాఖ కార్పొరేషన్‌కి 2007లో ఎన్నికలు జరిగాయి. 2012లో పాలకవర్గం గడువు తీరింది. మళ్ళీ ఎన్నికలు 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్ళు అధికారుల పాలన. ఆ తొమ్మిదేళ్ళలో ఏం తేడా వచ్చిందని మా వీధిలో పదిమందిని అడిగాను. "మధ్యలో లేరా?" అని ఏడుగురు ఆశ్చర్యపోయారు. 2021 ఎన్నికలతో 98 వార్డులకీ కార్పొరేటర్లు వచ్చారు. 2025లో మేయరు మీద అవిశ్వాసం పెట్టినప్పుడు క్యాంపులకి కూడా వెళ్ళారు. ప్రజలకి ప్రతినిధులు కనబడకపోవడం నియంతృత్వం, ప్రతినిధులు ఏ రిసార్టులో ఉన్నారో పేపర్లో చదువుకోవడం ప్రజాస్వామ్యం.

మా అపార్ట్‌మెంట్ వీటన్నిటికన్నా ముందుంది. ఇరవై ఫ్లాట్లు, ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరరు, రాజ్యాంగం లాంటి బైలాస్ అన్నీ ఉన్నాయి. అసలు సార్వభౌమాధికారం వాచ్‌మన్ దగ్గరుంది, ఎందుకంటే బోరు మోటారు స్విచ్ ఆయన గదిలో ఉంది. తెల్లారి ఐదున్నరకి ఆయన వెయ్యకపోతే ప్రెసిడెంటు గారు కూడా బకెట్‌తో కిందికి దిగి "ఏం అప్పారావు, ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు. ఎంత గౌరవంగా అడుగుతారంటే, నాకు ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ ప్రిన్సిపాలూ అంత గౌరవం ఇవ్వలేదు.

ఆమధ్య మన ఊరే రాజధాని అన్నారు. మా ఇంటి ఓనరు అద్దె పెంచారు. తరవాత రాజధాని కాదన్నారు. అద్దె ఆ మాట వినలేదు.

మనవడు విసిగిపోయాడు. "ఇంతకీ జనానికి ఏ వ్యవస్థ కావాలి తాతయ్యా?" అన్నాడు. సమాధానం నా దగ్గర లేదు, సంచిలో టమాటాలూ లేవు. మళ్ళీ రైతుబజారుకి వెళ్ళాం. ఆవిడ ముందు నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. తూకం సరిగ్గా ఉందా లేదా అని ఒక్కరూ కాటా చూడటంలేదు. అందరి కళ్ళూ ఆవిడ ఎడమ చేతి పక్కనున్న కరివేపాకు కట్ట మీదే. నాకు దాంతో 1983 గుర్తొచ్చింది. రామారావు గారు రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చిన ఏడాది. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఏ పార్టీ సిద్ధాంతం ఏమిటని మా వీధిలో ఎవరైనా అడగ్గా నేను వినలేదు. తూకం అయ్యాక ఏం వేస్తారు అని మాత్రం అందరూ అడుగుతారు.

నా వంతు వచ్చింది. "కిలో. మంచివి. బోర్డు రేటుకే ఇవ్వాలి. కాస్త కరివేపాకు కూడా" అన్నాను, రాజ్యాంగం కల్పించిన హక్కులన్నీ గొంతులోకి తెచ్చుకుని.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "బోర్డు రేటైతే బోర్డు రేటే బాబూ. ముప్పై ఇస్తే కరేపాకు ఏస్తాను, రెండు పచ్చిమిరగాయలు కూడా ఏస్తాను. ఏది కావాలో సూసుకో."

మనవడు ఫోన్ పట్టుకుని రెడీగా ఉన్నాడు. నేను బోర్డు వైపు ఒకసారి చూసి, సంచి మూతి కాస్త వెడల్పుగా తెరిచాను.